గంటకూ గంటకూ మధ్య

(నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో, తల్లిదండ్రుల సమావేశంలో రిటైరైన లెక్కల టీచరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నాట్ల రోజుల్లో ఒక పూట కూలి పోగొట్టుకొని వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని నాకు తెలుసు. అందుకే పనికొచ్చే మాటలే చెబుతాను.

పిలకాయలకు టైం ఎట్టా వాడుకోవాలో చెప్పమని హెడ్మాస్టర్ గారు అడిగారు. ఈ మాట వినగానే చాలామందికి తెల్లవారుజామున నాలుగింటికి లేపడం, రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టడం గుర్తొస్తుంది. నేను వాటి గురించి ఎక్కువగా మాట్లాడను. పొద్దున తొమ్మిదింటికి ప్రార్థన గంట కొట్టిన దగ్గర్నుంచి సాయంత్రం ఇంటి గంట కొట్టేదాకా జరిగేదాని గురించి మాట్లాడతాను. పిల్లల టైం పోతున్నది అక్కడే. ఎక్కడ పోతుందో మనకు కనపడదు, పాపం వాళ్లకూ కనపడదు.

రిటైరయ్యే ముందు మూడేళ్లు నేనొక పని చేశాను. గంట కొట్టగానే వాచీ చూసుకునేదాన్ని. క్లాసులో అందరికంటే ఆఖరున ఉన్న పిల్లవాడు పుస్తకం తెరిచి మొదటి అక్షరం రాసేదాకా ఎంతసేపు పట్టిందో నా డైరీ చివరి పేజీల్లో రాసుకునేదాన్ని. ఒక రోజు నాలుగు నిమిషాలు, ఒక రోజు ఎనిమిది. మధ్యలో ఆరు అనుకుందాం. రోజుకు ఎనిమిది పీరియడ్లు. ఆరెనిమిదులు నలభై ఎనిమిది. పీరియడు ఉండేదే నలభై, నలభై ఐదు నిమిషాలు. అంటే రోజూ ఒక పీరియడు మొత్తం, ఏ టీచరూ సెలవు పెట్టకుండానే, ఎవరూ అల్లరి చేయకుండానే పోతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 గంటల చదువు ఉండాలి. రోజుకు 48 నిమిషాల చొప్పున 220 రోజులకు లెక్క వేయండి. 176 గంటలు. వెయ్యిలో నూట డెబ్బై ఆరు! ఈ లెక్క మొదటిసారి వేసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అది నా క్లాసే.

మీలో చాలామంది పెన్నా కాలువల కింద సేద్యం చేసేవాళ్లు. వంతు నీళ్లు మీకు కొత్త కాదు. మీ వంతు మూడు గంటలైతే, నీళ్లు ఎక్కువగా ఎక్కడ పోతాయి? మడిలో పోవు. ఒక మడి తడిసి ఇంకో మడికి తిప్పేటప్పుడు, గట్టు తెగ్గొట్టి నీళ్లు మళ్లించే మడవ దగ్గర పోతాయి. పార పట్టుకున్న మనిషి అక్కడ లేకపోతే, ఉన్నా మట్టి ముందే ఎగదోసి పెట్టుకోకపోతే, కట్ట కట్టేలోపల సగం నీళ్లు పక్కవాడి చేలో ఉంటాయి. పిల్లల బడి రోజు కూడా అట్టాంటిదే. తెలుగు నుంచి లెక్కలకు, లెక్కల నుంచి సైన్సుకు, ఆట నుంచి క్లాసుకు తిరిగే చోటల్లా ఒక మడవ ఉంది.

ఆ ఆరు నిమిషాల్లో ఏం జరుగుతుందో చెబుతాను. నేను కూర్చొని చూశాను కాబట్టి చెబుతున్నాను. లెక్కల నోట్సు సంచి అడుగున ఉంటుంది. దాన్ని తీయాలంటే పైనున్నవన్నీ బయటికి రావాలి. వచ్చినవి మళ్లీ లోపలికి పోవాలి. పెన్ను రాయదు, రీఫిల్ అయిపోయింది. పక్కవాణ్ని అడగాలి, వాడు వెనక్కి తిరిగి ఇంకొకణ్ని అడుగుతాడు. స్కేలు లేదు. "మేడమ్, కొత్త పేజీలో రాయమంటారా?" అని ఒకరు. "తేదీ ఎంత?" అని ఒకరు. నీళ్ల బాటిల్ మూత తీసి తాగేవాళ్లు ఇద్దరు. వీళ్లలో ఒక్కరు కూడా సోమరిపోతు కాదు. ఏ పనికి ముందు ఏది సిద్ధం చేసుకోవాలో ఎవరూ చేయి పట్టి నేర్పలేదు, అంతే. "తొందరగా, తొందరగా" అని మాత్రం పుట్టినప్పటి నుంచి వింటున్నారు. తొందర అనేది ఎట్టా చేయాలో ఆ మాటలో లేదు కదమ్మా.

మాది బిట్రగుంట. మా నాన్న రైల్వేలో గార్డు. ఆవిరి ఇంజన్ల రోజులు. ఏ బండి ఎక్కాలో ముందు రోజు తెలిసేది కాదు. అర్ధరాత్రి అయినా సరే, డ్యూటీ కబురు తెచ్చే కాల్ బాయ్ పుస్తకం పట్టుకొని వచ్చి తలుపు కొట్టేవాడు. సంతకం పెట్టి, ఇంకో రెండు గంటల్లో మా నాన్న స్టేషన్లో ఉండాలి. ఆయన డ్యూటీ పెట్టె ఒకటి ఉండేది. ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతి దీపం, ఈల, రూల్ పుస్తకం. డ్యూటీ దిగి ఇంటికి రాగానే, ఎంత అలిసిపోయినా, కాళ్లు కడుక్కోకముందే ఆ పెట్టె సర్దేవాడు. దీపం తుడిచి అదే మూలన, జెండాలు అదే పక్కన. చీకట్లో చేయి పెట్టినా ఏది ఎక్కడుందో ఆయనకు తెలుసు. అందుకే కాల్ బాయ్ వచ్చాక మా ఇంట్లో హడావిడి ఉండేది కాదు. అమ్మ అన్నం కట్టేది, నాన్న నింపాదిగా గడ్డం గీసుకునేవాడు. లెక్కల టీచరునయ్యాక కూడా నాకు సమయం గురించి ఆ పెట్టె నేర్పినంత ఎవరూ నేర్పలేదు.

కాబట్టి నా మొదటి మాట సంచి గురించి. రేపటి టైం టేబుల్ చూసి రాత్రే సర్దాలి. మొదటి పీరియడు పుస్తకం ముందు, ఆఖరి పీరియడు పుస్తకం వెనక, ఆ వరసలోనే ఉండాలి. పెన్నులు రెండు. అయిపోయిన పీరియడు పుస్తకం వెనక్కి పోవాలి. సర్దేది పిల్లే, మీరు కాదు. ఆరో తరగతి పిల్లకు అమ్మ సంచి సర్దితే, ఏది ఎక్కడుందో అమ్మకు తెలుస్తుంది, బడికి వచ్చేది మాత్రం పిల్ల. మొదటి వారం పక్కన కూర్చోండి. రెండో వారం దూరంగా కూర్చోండి. మూడో వారం ఏదో ఒక పుస్తకం మర్చిపోతుంది. పోనివ్వండి. ఆ పుస్తకం పట్టుకొని బండి మీద బడికి పరిగెత్తుకు రావద్దు. ఒక్కసారి లేకుండా కూర్చుంటే నెల రోజులు గుర్తుంటుంది.

టీచర్లకూ ఒక మాట చెప్పాలి. నా క్లాసులో నేను ఏం మార్చానంటే, పీరియడు అయిపోవడానికి మూడు నిమిషాల ముందే పాఠం ఆపేసేదాన్ని. ఎంత ఆసక్తిగా సాగుతున్నా సరే. ఆ మూడు నిమిషాల్లో పిల్లలు ఇంటిపని డైరీలో రాసుకోవాలి, లెక్కల పుస్తకం వెనక్కి పెట్టి తర్వాతి పీరియడు పుస్తకం బల్ల మీద పెట్టాలి. పక్క సారు లోపలికి వచ్చేసరికి క్లాసు సిద్ధంగా ఉండేది. మొదట్లో మూడు నిమిషాలు వదులుకుంటున్నానని బాధపడ్డాను. తర్వాత చూస్తే నాకంటే ముందు పీరియడు వచ్చే సారు కూడా అట్టాగే చేయడం మొదలుపెట్టారు. నా క్లాసుకు ఆరు నిమిషాలు తిరిగొచ్చాయి.

ఇప్పుడు గడియారం సంగతి. పిల్లలకు టైం చెప్పడం వస్తుంది. "పదీ ఇరవై" అని గడగడా చెబుతారు. ఇరవై నిమిషాలంటే ఎంతసేపో మాత్రం తెలియదు. అది వేరే విద్య. ఏడో తరగతిలో ఒక ఆట ఆడించాను. కళ్లు మూసుకోండి, ఒక్క నిమిషం అయిందని అనిపించగానే చెయ్యెత్తండి అన్నాను. ముప్పై, నలభై సెకన్లకే చాలామంది చేతులు లేచాయి. ఇద్దరు మాత్రం రెండు నిమిషాల దాకా అట్టాగే కూర్చున్నారు. రోజూ ప్రార్థన తర్వాత ఆ ఆట ఆడాం. కొన్నాళ్లకు సగం క్లాసు నిమిషానికి దగ్గరగా వచ్చేసింది. ఖర్చు లేని పని. ఇంట్లో కూడా ఆడించవచ్చు.

ఫోనులో టైం ఉంది కదా అంటారు. ఫోనులో ఉండేది అంకె. ముల్లుల గడియారంలో ఉండేది మేర. పెద్ద ముల్లు పన్నెండు దగ్గర్నుంచి మూడు దగ్గరికి నడిస్తే, గడిచింది ఎంతో, మిగిలింది ఎంతో కంటికి కనిపిస్తుంది. చిన్నపిల్లలకు కంటికి కనిపించేదే అర్థమవుతుంది. ప్రతి క్లాసులో, పిల్లలు చదువుకునే ప్రతి గదిలో, గోడకు ముల్లుల గడియారం ఒకటి పెట్టండి. "పెద్ద ముల్లు ఐదు మీదకు వచ్చేలోపు" అని చెప్పండి.

మన పెద్దవాళ్లు ఘడియ అనేవాళ్లు. రోజుకు 60 ఘడియలు, ఒక్కో ఘడియ 24 నిమిషాలు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండే విషయం ఇది. ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఆయన 1980ల చివర్లో, కాలేజీలో చదువు మీద ధ్యాస నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమరు ఒకటి బల్ల మీద పెట్టుకొని చదవడం మొదలుపెట్టారు. ఆయన చివరకు స్థిరపడింది 25 నిమిషాల చదువు, ఐదు నిమిషాల విరామం దగ్గర. ఇటాలియన్ భాషలో టమాటాను పొమొడోరో అంటారు, ఆ పేరుతోనే ఆ పద్ధతి లోకమంతా తెలుసు. మన ఘడియకూ దానికీ తేడా ఒక్క నిమిషం. పైతరగతుల పిల్లలు ఇంట్లో ఒక ఘడియ చదివి, లేచి అటూ ఇటూ తిరిగి, మళ్లీ కూర్చుంటే చాలు. మూడు గంటలు కదలకుండా కూర్చోబెడితే పుస్తకం తెరిచి ఉంటుంది, పిల్ల మాత్రం అక్కడ ఉండదు.

ఇంకో సంగతి. "ఎంతసేపట్లో అవుతుంది?" అని ఏ పిల్లవాణ్ని అడిగినా "పది నిమిషాలు" అంటాడు. అది అబద్ధం కాదు, నిజంగానే అట్టా అనుకుంటాడు. పెద్దవాళ్లూ అంతే. ఇంటి పునాది వేసేటప్పుడు సంక్రాంతికి గృహప్రవేశం అని ఎంతమంది అనుకోలేదు! డానియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్స్కీ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 1979లో ఈ పొరపాటుకు ఒక పేరే పెట్టారు. కానెమన్‌కు 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన తన అనుభవమే చెప్పారు. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లలకు ఒక పాఠ్యపుస్తకం తయారు చేయడానికి కూర్చున్నారు. ఎన్నాళ్లు పడుతుందని బృందంలో ఒక్కొక్కరినీ అడిగితే ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు అన్నారు. పట్టింది ఎనిమిదేళ్లు. అంత చదువుకున్నవాళ్లే అట్టా అనుకుంటే, మన ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని తిట్టి ఏం లాభం?

తిట్టడం బదులు ఒక నోటుబుక్కు ఇవ్వండి. మధ్యలో గీత. ఎడమ వైపు "ఎంతనుకున్నాను", కుడి వైపు "ఎంతయింది". ఇంగ్లీషు కాపీ రైటింగ్: అనుకున్నది పది, అయింది ఇరవై రెండు. లెక్కలు ఐదు: అనుకున్నది ఇరవై, అయింది ముప్పై ఐదు. రెండు వారాలు రాయించండి. మీరు దిద్దవద్దు, "చూశావా, నేను చెప్పలా" అనవద్దు. వాడి అంకెలు వాడే చూసుకుంటాడు. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి రెండు వారాలయ్యాక వచ్చి, "మేడమ్, నేను ఏ పనికి ఎంతనుకుంటే దానికి రెట్టింపు వేసుకుంటే సరిపోతోంది" అన్నాడు. ఆ అబ్బాయికి అప్పుడు పన్నెండేళ్లు.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ముందు వరసలో ఉన్నారు, మీ టెన్షన్ ముఖాల్లోనే కనిపిస్తోంది. లెక్కల పేపరు సంగతి చెబుతాను. నూరు మార్కులు, మూడు గంటల పదిహేను నిమిషాలు. ఆ పదిహేను ప్రశ్నపత్రం చదువుకోవడానికి. మిగిలిన 180 నిమిషాలను నూరు మార్కులకు పంచితే, మార్కుకు రెండు నిమిషాలు కూడా రావు. ఎనిమిది మార్కుల ప్రశ్నకు పద్నాలుగు నిమిషాలు, నాలుగు మార్కులదానికి ఏడు. ఎనిమిది మార్కులవి ఐదు రాయాలి. మన పిల్లలు ఏం చేస్తారంటే, బాగా వచ్చిన మొదటి పెద్ద లెక్కకు పాతిక నిమిషాలు పెడతారు. రెండు రంగుల పెన్నులతో, గీతలు కొట్టి, పటం వేసి, ముత్యాల్లాగా రాస్తారు. ఆఖరుకు వచ్చేసరికి, జవాబు తెలిసి కూడా రాయలేక, పేపరు గుంజుకుంటుంటే ఏడుస్తూ బయటికి వస్తారు. ఎన్ని ఏళ్లు చూశానో ఆ ఏడుపు! అది రాకపోవడం కాదు. పద్నాలుగు నిమిషాలు ఎంతసేపో చేతికి తెలియకపోవడం. పరీక్షకు ముందు నెలలో నేర్పితే రాదు. తొమ్మిదో తరగతిలోనే రోజుకొక పెద్ద లెక్క గడియారం ఎదురుగా పెట్టుకొని చేయించండి. పద్నాలుగో నిమిషంలో ఎక్కడున్నా సరే పెన్ను దించాలి. ఆ దించడం అలవాటైతే చాలు.

మధ్యాహ్నం సంగతి రెండు మాటలు. భోజనం గంటలో ఇంటిపని రాసుకునే పిల్లలు కనిపిస్తే, అది మంచి అలవాటు అనుకోవద్దు. ఆ పిల్లకు రాత్రి ఏదో జరిగింది. అడగండి. తినే టైంలో తినాలి, తర్వాత ఆడాలి. అన్నం తిన్నాక వచ్చే మొదటి పీరియడులో నేను నోటితో పాఠం చెప్పేదాన్ని కాదు, లేపి బోర్డు మీద లెక్కలు చేయించేదాన్ని.

నిద్ర గురించి కూడా చెప్పి తీరాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లు 8 నుంచి 10 గంటలు నిద్రపోవాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. నాలుగింటికి లేపుతారా, లేపండి. ఎనిమిదో తరగతి పిల్ల అయితే రాత్రి ఎనిమిదింటికి పడుకోబెట్టండి. ఇంట్లో టీవీ పదకొండు దాకా మోగుతూ, పిల్ల మాత్రం నాలుగింటికి లేవాలంటే, ఆ మిగిలిన నిద్ర మూడో పీరియడులో నా క్లాసులో పోతుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కావలి వైపు సముద్రం దగ్గరి ఒక ఊళ్లో పనిచేసినప్పటిది. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి రోజూ ఆలస్యంగా వచ్చేది. మొదటి పీరియడు నాదే. నాలుగైదు రోజులు బయట నిలబెట్టాను. క్లాసు ముందు గట్టిగా తిట్టాను కూడా. ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత ఒక ఆదివారం వాళ్ల వీధిలో వేరే పని మీద పోతే తెలిసింది. తల్లి రొయ్యల కంపెనీలో పని, తెల్లవారకముందే వ్యాను వస్తుంది. తండ్రి వేటకు పోతాడు. ఈ పిల్ల లేచి నీళ్లు పట్టి, అన్నం వండి, తమ్ముడికి స్నానం చేయించి, అంగన్వాడీలో వదిలి వస్తోంది. అంగన్వాడీ తలుపు తెరిచేది తొమ్మిదింటికి. ఇక ఆ పిల్ల తొమ్మిదింటికి బడిలో ఎట్టా ఉంటుంది? నాకంటే, మీకంటే బాగా టైం వాడుకుంటున్న మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. పదమూడేళ్ల పిల్లను, తన టైం అంతా ఇంటికి ఇచ్చేసిన పిల్లను, టైం విలువ తెలియదని నేను ఎండలో నిలబెట్టాను. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. మర్నాడు ఆ పిల్లను పిలిచి క్షమించమని అడిగాను. మొదటి పీరియడు లెక్కలు ఆఖరి పీరియడుకు మార్పించాను. ఆమె ఇంటిపని బడిలోనే, సాయంత్రం ఇరవై నిమిషాలు నా పక్కన కూర్చొని చేసుకొని పోయేది.

అందుకే చెబుతున్నాను. టైం ఎట్టా వాడుకోవాలో నేర్పే ముందు ఆ పిల్లకు అసలు ఎంత టైం ఉందో కూర్చొని లెక్క వేయండి. ముఖ్యంగా ఆడపిల్లల ఇళ్లలో. అన్న క్రికెట్ ఆడి వచ్చి చదువుకుంటుంటే, చెల్లెలు అంట్లు తోమి వచ్చి చదువుకుంటోంది. ఇద్దరికీ ఒకటే పరీక్ష. అంట్లు పంచండి. అరగంట ఆ పిల్లకు దక్కుతుంది. ఆ అరగంట ముందు నేను ఇప్పటిదాకా చెప్పిన చిట్కాలన్నీ చిన్నవే.

(ఇక్కడ ఒక తల్లి లేచి, తామిద్దరూ ఆరింటికే కూలికి పోతామని, పిల్లవాడు ఇంట్లో ఒక్కడే ఉంటాడని, గడియారం చూసుకొని తయారవడం వాడికి చేతకాదని అన్నారు.)

కూర్చోమ్మా. వాడు ఎన్నో తరగతి? నాలుగా. అయితే వాడికి గడియారం వద్దు. వరస ఇవ్వు. పళ్లు తోముకోవడం, స్నానం, యూనిఫాం, అన్నం, బాటిల్‌లో నీళ్లు, సంచి, తాళం. ఏడు బొమ్మలు వాడిచేతే గీయించి తలుపు వెనక అతికించు. బొమ్మ తర్వాత బొమ్మ. మధ్యలో ఇంకేదీ రాకూడదు, ముఖ్యంగా ఫోను. రోజూ ఒకటే వరస అయితే టైం దానంతటదే ఒకటిగా పడుతుంది. ఆదివారం నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు రెండు మూడుసార్లు ఆటలాగా చేయించు. పక్కింటి ముసలమ్మ ఎవరైనా ఉంటే, "బాబూ, తాళం దాకా వచ్చావా?" అని ఒక్క కేక వేయమను.

ఇంకెవరైనా? ఆ వెనక పాప చెయ్యెత్తింది. చెప్పు నాయనా.

(ఎనిమిదో తరగతి అమ్మాయి: "మేడమ్, అన్నీ తొందరగా చేసేస్తే, మిగిలిన టైం ఏం చేయాలి?")

చాలా మంచి ప్రశ్న అడిగావు తల్లీ. అది నీది. ఆడుకో, బొమ్మలు వేసుకో, గట్టు మీద కూర్చొని కొంగల్ని చూడు, ఏమీ చేయకుండా ఊరికే ఉండు. ఎవరూ అడగరు. అమ్మలూ, అయ్యలూ, ఇది మీకు చెబుతున్నాను. పిల్ల పని ముందే ముగించి వస్తే, "అయిపోయిందా, అయితే ఇంకో రెండు పేజీలు రాయి" అనవద్దు. టీచర్లం మనమూ అదే చేస్తాం, ముందు లెక్క చేసినవాడికి ఇంకో నాలుగు లెక్కలు ఇస్తాం. వాడు తెలివైనవాడు. మర్నాటి నుంచి పెన్ను మూత పెట్టడానికే పది నిమిషాలు తీసుకుంటాడు.